టాస్‌లో ఓడిన ఫైనల్

హెడ్మాస్టర్ గారి గది పక్క గోడకు ఒక చెక్క బోర్డు ఉండేది, గుర్తుందా? నల్ల రంగు మీద తెల్ల పెయింటుతో ఏడాది, పోటీ, ఫలితం అని మూడు గడులు. ఇంటర్ స్కూల్ పోటీల్లో మన ఫుట్‌బాల్ జట్టు చరిత్రంతా అందులోనే. ఫీజు కట్టడానికి లైన్లో నిలబడ్డ ప్రతిసారీ చదివి చదివి మనలో చాలామందికి అది కంఠతా వచ్చేసింది. అర్థమైందా అంటే మాత్రం అనుమానమే. 'మన ఫుట్‌బాల్ రికార్డు గురించి రాయి' అని పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ వాళ్లు అడిగారు. కప్పులు లెక్కపెట్టే పని వేరేవాళ్లకు వదిలేసి, ఆ గడుల్లో ఉన్నదాన్ని ఎలా చదవాలో నాకు తెలిసినంత చెబుతాను. ఏ ఏడాది ఫలితాన్నైనా ఆ ఏడాది రూల్స్‌తో కలిపి చదవకపోతే సీనియర్లకు అన్యాయం చేసినట్టే.

పైనుంచి మొదటి వరుసల్లోనే ఉంటుంది ఒకటి: 'ఫైనల్ - డ్రా - టాస్‌లో ఓటమి'. దాన్ని చూసి మేం తెగ నవ్వుకునేవాళ్లం. టాస్ పోతే మ్యాచ్ పోవడమేంటి, పెయింటర్ ఏదో తప్పు రాశాడని మా నమ్మకం. కానీ అది అక్షరాలా నిజం. మ్యాచ్ సమమైతే పెనాల్టీలు కొట్టి తేల్చుకోవడమన్నది ఆట నిబంధనల్లోకి 1970లో వచ్చింది. అంతకుముందు మళ్లీ ఆడించాలి, లేదంటే చీటీ తీయాలి, లేదంటే నాణెం ఎగరేయాలి. 1968 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ ఒక్క గోలూ లేకుండా ముగిస్తే ఇటలీ నాణెంతోనే ఫైనల్‌కు వెళ్లింది. అంత పెద్ద పోటీలోనే అలా ఉంటే, సాయంత్రానికల్లా పిల్లల్ని ఇళ్లకు చేర్చాల్సిన స్కూల్ పోటీలో ఇంకేం చేస్తారు? బోర్డు మీద మామూలుగా 'రన్నరప్' అని రాసి ఊరుకోవచ్చు. ఎవరో పట్టుబట్టి 'టాస్‌లో' అని రాయించారు. ఆ మనిషెవరో గానీ, నా నమస్కారం.

దాని కింద కొన్ని వరుసల తర్వాత 'లీగ్ - 5 పాయింట్లు - సెమీస్' అని ఉంటుంది. ఇప్పటి పిల్లలైతే 'ఐదు పాయింట్లకే సెమీసా' అంటారు. అప్పట్లో గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి. ఆ జట్టు ఒక్క మ్యాచ్ గెలిచి మూడు డ్రా చేసుకుంది. రెండు గెలిచి రెండు ఓడిన జట్టుకు నాలుగే వచ్చాయి. గెలుపుకు మూడు పాయింట్లన్న పద్ధతి ఇంగ్లండ్ లీగ్‌లో 1981లో మొదలై, ప్రపంచ కప్‌కు 1994లో వచ్చింది. ఆ కొత్త లెక్క వేస్తే రెండు జట్లకూ ఆరేసి పాయింట్లొచ్చి, గోల్స్ తేడా చూడాల్సి వచ్చేది. పాత లెక్కలో ఓడకపోవడానికే విలువెక్కువ. అందుకే ఆ కాలం వాళ్లను కదిపితే గోల్ కొట్టే ఫార్వర్డ్‌ల కంటే ముందు గోల్ పడకుండా ఆపే బ్యాక్‌ల పేర్లే చెబుతారు. నేనూ స్టాపర్ బ్యాక్‌నే కాబట్టి ఈ సంగతి కాస్త ఇష్టంగానే చెబుతున్నాను.

ఇక మా బ్యాచ్. మేం తొమ్మిదిలో ఉండగా, 1992 వేసవి తర్వాత, బ్యాక్ పాస్ రూల్ మారింది. సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోలీ చేత్తో పట్టుకోకూడదు. పట్టుకుంటే అవతలివాళ్లకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. బార్సిలోనా ఒలింపిక్స్ అప్పుడే జరుగుతున్నాయి. మా డ్రిల్ మాస్టారు పేపర్లో వచ్చిన ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని గ్రౌండ్‌కి వచ్చారు. మాకు చదివి వినిపించి, అదే సాయంత్రం మా గోలీతో గ్లవ్స్ విప్పించి, చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. వాడు గోడలాంటి గోలీ, కానీ బంతిని తన్నమంటే అది ఎటుపోతుందో దేవుడికే తెలియాలి. మేం వెనక్కి పాస్ ఇవ్వాలి, వాడు ఆపకుండా కొట్టాలి. అదీ ఎడంకాలితో. ఎందుకు సార్ అంటే, 'కుడికాలు వైపే ఇస్తామని మీవాళ్లు రాసిచ్చారా?' అనేవారు.

ఎడంకాలు పిచ్చి ఆయనకు కొత్త కాదు. మాలో ఎవరికి ఏ కాలు రాదో ఆ కాలితోనే ఆడించేవారు. కొన్ని రోజులు డ్రిబ్లింగ్ బంద్, బంతి అందగానే ఇచ్చేయాల్సిందే. ఇవన్నీ హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం పెట్టిన పద్ధతులని తర్వాత చదివి తెలుసుకున్నాం. రహీం కూడా మొదట స్కూల్ టీచరే. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచిన జట్లకు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వరకూ వెళ్లిన జట్టుకు ఆయనే కోచ్. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు, చేతగాని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టేవారట. మా మాస్టారు రహీం శిష్యులకు శిష్యుడని స్కూలంతా ప్రచారం చేసింది మేమే. ఆయన ఔననలేదు, కాదనలేదు.

ఆ ఏడాది జిల్లా ఫైనల్. సెకండ్ హాఫ్ సగం దాటినా గోల్ లేదు. వాళ్ల బ్యాక్ ఒకడు మావాడు మీదికి రావడంతో కంగారుపడి బంతిని గోలీకి తన్నాడు. వాడు అలవాటుగా వంగి ఎత్తుకుని గుండెలకు హత్తుకున్నాడు. విజిల్. ఎందుకో వాడికి అర్థం కాలేదు. వాళ్ల సార్ లైన్ దాటి లోపలికొచ్చి 'ఫౌల్ ఎక్కడ?' అని అరుస్తున్నారు. గోల్‌కి ఆరు గజాల్లో ఫ్రీ కిక్! ఫ్రీ కిక్‌కు అవతలివాళ్లు పది గజాలు వెనక్కి వెళ్లాలి, అంత చోటు లేదు కాబట్టి పదకొండు మందీ పోస్టుల మధ్య గోల్ లైన్ మీద భుజం భుజం ఆనించి నిలబడ్డారు. నేరుగా కొడితే గోల్ ఇవ్వరు, ఒకడు కదపాలి, ఇంకొకడు కొట్టాలి. పైగా అప్పటి రూల్ ప్రకారం బంతి తన చుట్టుకొలతంత, అంటే రెండడుగుల పైచిలుకు, దొర్లితేనే ఆటలోకి వచ్చినట్టు. ఆ రెండడుగులు దొర్లించే పని నాది. నేను కదపగానే గోడలోంచి నలుగురు మీదికి దూకారు. మా ఫార్వర్డ్ కళ్లు మూసుకుని కొట్టాడని నేనంటాను, కాదని వాడు ఇప్పటికీ పోట్లాడతాడు. బంతి ఎవరి మోకాలికో తగిలి పైకి లేచి, బార్ అడుగు భాగాన్ని రాసుకుంటూ లోపల పడింది.

మిగతా సమయమంతా వాళ్లు మా మీద పడిపోయారు. నేను మా గోలీకి రెండుసార్లు వెనక్కి ఇవ్వక తప్పలేదు. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు. రెండోది వాడు ఎడంకాలితో ఎత్తి కొడితే హాఫ్ లైన్ దాటింది. టచ్ లైన్ దగ్గర డ్రిల్ మాస్టారు చప్పట్లు కొట్టలేదు, వాచీ చూసుకున్నారంతే.

బోర్డు మీద ఆ వరుసలో 'జిల్లా విజేత' అని మాత్రమే ఉంది. రాష్ట్ర స్థాయిలో మొదటి మ్యాచ్‌లోనే చిత్తుగా ఓడాం. రూల్స్ మీద నెపం వేయడానికి లేదు, వాళ్లు మాకంటే బాగా ఆడారు. 1960 నుంచి జరుగుతున్న సుబ్రతో కప్‌కు, అంటే దేశంలోని స్కూల్ జట్ల ఫుట్‌బాల్ పోటీకి, ఎప్పటికైనా ఢిల్లీ వెళ్లాలన్నది మాస్టారి కోరిక. మన స్కూల్‌కి ఆ అవకాశం ఇంతవరకూ రాలేదు.

మా తర్వాతి ఏళ్లు బోర్డు మీద పలచగానే ఉంటాయి. తొమ్మిదో తరగతి మధ్యలోనే పిల్లల్ని ఆట మాన్పించి ట్యూషన్లకు పంపడం అప్పుడే మొదలైంది. పెద్ద జట్టులో ఆడే వయసుకొచ్చేసరికి సగం మంది ఉండేవారు కాదు. ఓటములకు నాకు కనిపించే అసలు కారణం అదే, మంచి కోచ్ లేకపోవడం కాదు. ఒక వరుసలో మాత్రం 'గోల్డెన్ గోల్‌తో గెలుపు' అని ఉంది. అదనపు సమయంలో మొదటి గోల్ పడగానే ఆట ముగించే ఆ పద్ధతి 1993లో వచ్చి 2004కల్లా పోయింది. టాస్ చూసి మేం నవ్వినట్టే దీన్ని చూసి ఇప్పటి పిల్లలు నవ్వుతున్నారట.

ఈ సమ్మేళనానికి కొత్త బోర్డు చేయిస్తున్నాం. ఫలితం పక్కన 'ఎలా తేలింది' అని నాలుగో గడి పెట్టించాలని నేను అడిగాను, కమిటీ ఒప్పుకుంది. పాత బోర్డులో బాలికల జట్టుకు అసలు చోటే లేదు. ఈసారి వాళ్లకు కుడి సగం కేటాయించాం. 1970ల్లో కొన్ని వరుసలు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు పోటీలు జరగలేదా, రాయడం మరిచారా తేలాలి. ఆ బ్యాచ్‌ల అన్నయ్యల దగ్గర గ్రూప్ ఫోటో గానీ, సర్టిఫికెట్ గానీ, పేపర్ కటింగ్ గానీ ఉంటే సమ్మేళనం రోజు పొద్దున్నే పట్టుకురండి. పెయింటర్‌ని సాయంత్రం దాకా ఉండమన్నాం.