పర్లాకిమిడిలో ఎండాకాలం

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న మా పర్లాకిమిడి వచ్చినవాళ్లంతా మహేంద్రగిరి కొండకి దారి అడుగుతారు. ఊరిని మాత్రం సరిగ్గా చూడరు. నన్నడిగితే ఈ ఎండల్లో కూడా ఊరే బాగుంటుంది, కాకపోతే పొద్దున్నే బయల్దేరాలి.

బజార్లో తాటికాయలు దిగాయి. అమ్మే ఆవిడ కత్తితో పైన చెక్కి, మూడు ముంజెలూ చిట్లకుండా తీస్తుంది. "లేతవి చూసి ఇయ్యమ్మా" అంటే, "ముదురువి నేనేం చేసుకుంటాను బాబూ" అని నవ్వింది. అదే నోటితో పక్కాయనతో ఒడియాలో బేరం! ముంజెలో బొటనవేలు గుచ్చితే నీళ్లు చొక్కా మీదకి చిమ్మాయి. చిమ్మితేనే లేతదని లెక్క. పైపొట్టు కాస్త వగరు. పారేయకండి, చెమటకాయల మీద రుద్దుకుంటే హాయిగా ఉంటుంది.

అక్కణ్ణుంచి గజపతి ప్యాలెస్ వైపు నడిచాను. మద్రాసులో సెనేట్ హౌస్ కట్టిన చిషోమ్ దొరే దీనికీ ప్లాను గీశాడు. అంత పేరున్న కట్టడం పక్కనుంచి రోజూ టిఫిన్ పొట్లాలతో వెళ్లిపోతుంటాం, తలెత్తి చూసేది ఎప్పుడు?

1900లో శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఇక్కడికి రైలు వేయించింది కూడా ఈ ప్యాలెస్ రాజులే. పట్టాల వెడల్పు రెండున్నర అడుగులే. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. ఆ పాత చిన్న రైలు రోజుల్లో మా తాతగారు నడుస్తున్న బండి దిగి, జామకాయలు కోసుకుని, మళ్లీ అదే బండి ఎక్కేవారట. సగం కోతలే అనుకోండి, అయినా నమ్మేస్తుంటాను.