లంఖణం సరే, మరి మాత్ర సంగతేంటి?

నాకు షుగర్ వచ్చి ఆరేళ్ళు. మొదటి నాలుగేళ్ళు పొద్దున ఒక మెట్‌ఫార్మిన్, రాత్రి ఒక మెట్‌ఫార్మిన్, మధ్యలో నా ఇష్టం అన్నట్టు గడిచిపోయాయి. ఐదో ఏడు హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 8.4కి ఎక్కేసరికి డాక్టర్ గ్లిమిపిరైడ్ కూడా కలిపారు, పొద్దున టిఫిన్‌కి ముందు వేసుకోమన్నారు. అంకెలు దిగాయి గానీ ఆకలి పెరిగింది, ఆకలితో పాటు ఒళ్ళూ పెరిగింది, ఆరు నెలల్లో నాలుగు కిలోలు. ఇలా పోతే ఇన్సులిన్ దాకా వెళ్తానేమోనని టెన్షన్ పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఈ ఉపవాసం గోల నా చెవిన పడింది. పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగతా ఎనిమిది గంటల్లోనే తినేస్తే 16:8 అంటారు. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని రెండు రోజులు బాగా తగ్గిస్తే అది 5:2. లంఖణం పరమౌషధం అని చిన్నప్పటి నుంచి వింటున్న మాటే కదా, ఇందులో భయపడటానికేముంది అనుకున్నాను. డాక్టర్‌ని అడగాలని కూడా తోచలేదు. తినడం మానడానికి కూడా పర్మిషన్ ఎందుకు?

మూడు రోజులు హాయిగా గడిచాయి. రాత్రి ఎనిమిదికి భోజనం ముగించి, మర్నాడు పన్నెండు దాకా నీళ్ళు, చక్కెర లేని టీ. మాత్రలు మాత్రం అలవాటు ప్రకారం పొద్దున్నే వేసేసుకున్నాను. నాలుగో రోజు పదకొండు దాటాక మీటింగ్‌లో ఉన్నాను, ఎదురుగా స్క్రీన్ మీద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం మొదలుపెట్టాయి. ఏసీ గదిలో మెడ వెనక చెమట. ఎవరో నన్ను ఏదో అడిగారు, జవాబు తెలుసు, ఆ మాటను కూడదీసుకుని నోటిదాకా తెచ్చేలోపు అడిగిందేమిటో మర్చిపోయాను, పైగా అడిగిన మనిషి మీద అకారణంగా ఎక్కడలేని కోపం. పక్కనున్న కుర్రాడు "సార్, మీ మొహం పాలిపోయింది, రండి" అని బయటికి తీసుకెళ్ళాడు. బ్యాగులో గ్లూకోమీటర్ ఉంది గానీ చేతులు వణుకుతూ స్ట్రిప్ దూర్చడానికే మూడుసార్లు పట్టింది. 54. డెబ్బై కంటే తగ్గితేనే లో షుగర్ కింద లెక్క. ఆ కుర్రాడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాడు, పావుగంట ఆగి మళ్ళీ చూస్తే 81.

సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం వదిలే చక్కెరను తగ్గిస్తుంది, అదొక్కటే వేసుకుంటే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, క్లోమగ్రంథిని తట్టి లేపి ఇన్సులిన్ వదిలిస్తుంది, మనం తిన్నామా లేదా అని అది చూడదు. "ఉపవాసం చెయ్యండి, వద్దనను, ముందు మందులు సర్దనివ్వండి" అని గ్లిమిపిరైడ్ ఆపేశారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకీ ఇదే ప్రమాదమట. మూత్రంలోంచి చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడేవాళ్ళు ఎక్కువసేపు తినకుండా ఉంటే షుగర్ అంతగా పెరగకుండానే రక్తంలో కీటోన్ల ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకోవచ్చట. ఉపవాసాన్ని ఆకాశానికెత్తిన వాళ్ళలో ఒక్కరూ నాకు ఈ ముక్క చెప్పలేదు. అదే నా కోపం, ఇప్పటికీ.

ఈసారి పన్నెండు గంటలతో మొదలుపెట్టి, నెల తర్వాత పద్నాలుగుకి వెళ్ళాను. అక్కడ ఇంకో చిక్కు. రాత్రి పడుకునే ముందు 138, పొద్దున లేచేసరికి 151. ఏమీ తినకుండా పడుకున్నవాడికి ఆ పదమూడు ఎక్కడి నుంచి వచ్చి చేరాయి? తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి, మనం లేవబోతున్నామని కాలేయం చక్కెరను ముందే రక్తంలోకి వదులుతుందట. ఇది తెలియక రెండు వారాలు నన్ను నేనే దొంగలా చూసుకున్నాను, నిద్రలో లేచి ఏమైనా తింటున్నానా అని. ఆ తర్వాత పరగడుపు అంకెను పట్టించుకోవడం తగ్గించి మూడు నెలల హెచ్‌బీఏ1సీ టెస్టునే నమ్ముకున్నాను. అది చూసేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది ఒక్క ఉదయం చెప్పే కబుర్లకు లొంగదు.

ఇంతకీ నాకు పనిచేసింది ఏది? నా అంచనా చెప్తాను. రాత్రి భోజనం అయ్యాక ఫ్రిజ్ తలుపు తీయడం, అందులో లైటు వెలిగాక ఎందుకు తీశానో ఆలోచించడం, ఆలోచిస్తూనే ఏదో ఒకటి నోట్లో వేసుకోవడం, ఇదీ నా జబ్బు. ఏడు గంటలకు వంటగదికి తాళం అని రూల్ పెట్టుకునేసరికి అది ఆగింది. అంతే, మహిమేమీ లేదు. ఆటోఫేజీ, అంటే ఆకలి వేళ కణం తన చెత్తను తానే తినేసి శుభ్రం చేసుకోవడం, అని చెప్పేవాళ్ళు 2016 నోబెల్ గురించి మొదలుపెడతారు. జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి ఆ బహుమతి తెచ్చిన ప్రయోగాలు ఈస్ట్ కణాల మీద చేసినవి, నా బొజ్జ మీద కాదు. 2022లో చైనాలో ఊబకాయం ఉన్నవాళ్ళ మీద ఏడాది పాటు చేసిన పరీక్షలో, రెండు గుంపులకీ క్యాలరీలు ఒకేలా తగ్గిస్తే, గడియారం చూసి తిన్నవాళ్ళకీ చూడకుండా తిన్నవాళ్ళకీ బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనంలో ఈ గంటల లెక్కే లేదు, రోజుకి సుమారు 850 క్యాలరీలతో కొన్ని నెలలు ఉంచారు, ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండా షుగర్ హద్దు కిందకి వచ్చారు, పదిహేను కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో అయితే 86 శాతం. అంటే కొవ్వు కరగాలి, అదీ విషయం. క్యాలరీలు లెక్కపెట్టడం నా వల్ల కాదు, గడియారం చూడటం అయితే వచ్చు.

ఏడు నెలల్లో 86 కిలోల నుంచి 77కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ ముందు 6.9, మొన్న 6.4. షుగర్ పోయినట్టేనా అని అందరూ అడుగుతారు. పోలేదు. 2021లో నిపుణులు ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం మందులన్నీ ఆపాక కనీసం మూడు నెలలు గడిచి, అప్పుడు కూడా 6.5 కంటే తక్కువ ఉంటేనే రెమిషన్ అంటారు, నేను ఇంకా రెండు పూటలా మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నాను.

పోయిన నెల జ్వరం వస్తే నాలుగు రోజులు గడియారం పక్కన పెట్టేసి, ఏడుకే టిఫిన్ తిన్నాను. తగ్గాక మళ్ళీ పన్నెండు గంటలతోనే మొదలు. వచ్చే టెస్టులో కూడా అంకె ఇలాగే నిలబడితే రాత్రి మాత్ర తీసేసి చూద్దామన్నారు డాక్టర్. గ్లిమిపిరైడ్ మానేసి ఇంతకాలమైనా బ్యాగులో చక్కెర పొట్లం మాత్రం తీయలేదు, ఎందుకో చెయ్యి రావడం లేదు.