దేవ్‌మాలి గాలికి ఏ లోచొక్కా?

రాయగడలో మాది బట్టల కొట్టు, మామగారు పెట్టింది. గుడ్డ తాను విప్పి రెండు వేళ్ల మధ్య నలిపితే అది శుద్ధ నూలో, పాలిస్టరు కలిపిందో, నాలుగు ఉతుకులకే సాగిపోయే రకమో చెప్పడం నాకు అలవాటైన పని. విశాఖలో చదువుతున్న మా అమ్మాయి డిసెంబరులో దేవ్‌మాలి కొండ ఎక్కుదామని ఏర్పాట్లు మొదలుపెట్టి, "బేస్ లేయర్లు మాత్రం మంచివి ఉండాలమ్మా" అన్నప్పుడు ఆ భారం నేనే తీసుకున్నాను. గుడారాలు, నిద్ర సంచులు దాని స్నేహితుల బృందం చూసుకుంటుంది. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే లోచొక్కా, అదే బేస్ లేయరు, మా వంతు.

"బనియను ఉండగా మళ్లీ లోచొక్కా ఏమిటి?" అన్నారు మా ఆయన. ఆయన సంగతి తరవాత చెబుతాను.

దేవ్‌మాలి ఎత్తు 1,672 మీటర్లు. ఒడిశాలో దీన్ని మించిన శిఖరం లేదు. కోరాపుట్ జిల్లాలో సిమిలిగుడ దాటి వెళ్లాలి. దాదాపు పైదాకా రోడ్డు ఉంది కాబట్టి చాలామంది బండి మీద వెళ్లి సూర్యోదయం చూసి దిగివస్తారు. మేము కింది ఊరి నుంచి నడిచి ఎక్కి, రాత్రి పైనే ఉండాలనుకున్నాం. మా రాయగడ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన మా మేడ మీదికీ ఆ కొండ మీదికీ తొమ్మిది డిగ్రీలకు పైగా తేడా. చలికాలంలో ఆ ఎగువ ప్రాంతంలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. పైన చెట్టు నీడ ఉండదు. అంతా గడ్డి, గాలికి అడ్డూ ఆపూ లేదు. అంటే ఎక్కినంతసేపూ ఒళ్లంతా చెమట, ఎక్కి నిలబడగానే ఆ తడి మీద గాలి. కొనబోయే చొక్కా ఎంత వెచ్చగా ఉంటుందన్న ప్రశ్న కంటే, ఆగిన పది నిమిషాల్లో నన్ను ఎంత వణికిస్తుందన్న ప్రశ్నే నాకు ముఖ్యమనిపించింది. మంచు కొండల కోసం చెప్పే సలహాల్లో మందం గురించి చాలా ఉంటుంది. మన తూర్పు కనుమల్లో మందం కంటే తడే పెద్ద శత్రువు.

నూలు మీద నాకు కోపం లేదు, మాకు అన్నం పెడుతున్నది అదే. కానీ చెమట పట్టే పనికీ చలిగాలికీ మధ్య అది పనికిరాదు. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. తడి చొక్కా ఆరుతున్నదంటే ఆ వేడిలో ఎక్కువ భాగం మన ఒంట్లోంచే పోతోందన్నమాట. ఎండలో అది హాయి, కొండ మీద వణుకు. పైగా తడిసిన గుడ్డలో గాలి ఉండాల్సిన చోట నీళ్లుంటాయి. నీళ్లు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి.

మామూలు తేమ ఉన్న గాలిలో నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పీలుస్తుంది. పాలిస్టరు అర శాతం కూడా పీల్చదు. ఉన్ని 16 శాతం దాకా పీలుస్తుంది, గాలిలో తేమ బాగా ఉంటే 30 శాతం దాటుతుంది. అలాగైతే ఉన్నే అందరికంటే చెడ్డది కావాలి. కాదు. ఉన్ని తేమను ఆవిరి రూపంలో పోగు లోపలికి తీసుకుంటుంది, పోగు పైభాగం మాత్రం నీటి బొట్టును అంత తేలిగ్గా అంటనివ్వదు. అలా తేమ పీల్చేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది. నూలు పీల్చిన నీళ్లు తెచ్చి చర్మానికే ఆనిస్తుంది. ఇదంతా చదివి తెలుసుకున్నదే. నిజం ఎంతో చూడాలనిపించింది.

నాలుగు రకాలు పోగుచేశాను. ఒకటి, మా బజారులో చలికాలం అమ్మే థర్మల్ లోచొక్కా. రెండు, క్రికెట్ కుర్రాళ్లు వేసుకునే చవక పాలిస్టరు జెర్సీ. మూడు, కొండ నడకకనే తయారైన పల్చని పాలిస్టరు చొక్కా, మెడ దగ్గర చిన్న జిప్పుతో. నాలుగు, మెరినో అనే గొర్రెల జాతి సన్నని ఉన్నిది, 150 జీఎస్ఎమ్. ఇది చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో. లోచొక్కాల్లో 150 పల్చన, 200 మధ్యరకం, 250 మందం. మెరినో ధర చూసి మా ఆయన గల్లాపెట్టె మూత వేసేశారు. మిగతా మూడూ కలిపినా దాని ధరకు అందవు.

థర్మల్‌ను మొదటి రోజే పక్కన పెట్టాను. చేత్తో పట్టుకోగానే తెలిసింది, అందులో సగానికి పైగా నూలే. చలిలో కదలకుండా కూర్చునేవాళ్లకు, తెల్లవారుజామున బండి నడిపేవాళ్లకు అది మంచి సరుకు. వీపున సంచీతో కొండెక్కేవాళ్లకు కాదు. ఈ తేడా చెప్పకుండా కొట్లలో అన్నిటినీ ఒకే అరలో పెడతారు.

మెరినో నిజమైనదేనా అన్నది తరవాతి ప్రశ్న. ఉన్ని అనగానే మనకు గొంగళి గుర్తొచ్చి ఒళ్లు దురద పెడుతుంది. గుచ్చుకోవడానికి కారణం పోగు లావు. 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన పోగు చర్మానికి ముల్లులా తగులుతుంది. లోచొక్కాలకు వాడే మెరినో సాధారణంగా 19 మైక్రాన్లు, అంతకంటే సన్నం. ముంజేతి లోపలి వైపు రుద్దితే పట్టుకూ నూలుకూ మధ్యగా తగిలింది. అయినా మా వృత్తిలో నమ్మకం నిప్పు మీదే. నూలు పోగు కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి నల్లని గట్టి పూసవుతుంది. ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేస్తే తనే ఆరిపోతుంది, మిగిలిన నలుసు వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఇక్కడొక కిటుకుంది. కుట్టు దారం లాగి కాల్చకూడదు. ఉన్ని చొక్కాలను కూడా చాలావరకు పాలిస్టరు దారంతోనే కుడతారు, అది కరిగిందని చొక్కా నకిలీ అనుకుంటే అన్యాయం. అంచు మడత లోపల, గుడ్డలోంచే ఒక పోగు లాగాలి. నాది జుట్టు వాసనే వేసింది, కొసన చిన్న పూస కూడా కట్టింది. చీటీ చూస్తే కొంత నైలాను కలిసిందని రాసే ఉంది. పల్చని మెరినో త్వరగా చిరుగుతుంది కాబట్టి బలానికి అలా కలుపుతారు. అబద్ధం చెప్పలేదు, చాలు.

తరవాత తూకం. కొరియర్ పొట్లాలు తూచే చిన్న కాటా కొట్లో ఉంది. ఒక మామూలు నూలు టీషర్టును కూడా చేర్చి, అన్నిటినీ పొడిగా తూచి, నీళ్లలో నానబెట్టి, వాషింగ్ మెషిన్‌లో ఒకే విధంగా తిప్పి, మళ్లీ తూచి మేడ మీద నీడలో ఆరేశాను. అరగంటకోసారి కాటా మీద పెట్టడం, గోడ మీద సుద్దతో రాయడం. పక్కింటావిడ "ఏమ్మా, బట్టలు కిలోల లెక్కన అమ్ముతున్నారా?" అని అడిగారు. జిప్పు చొక్కా అన్నిటికంటే ముందు ఆరింది. జెర్సీ దాని వెనకే. మెరినో బాగా ఆలస్యం చేసింది. నూలు టీషర్టు చంకల దగ్గర సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంది. ఈ పరీక్ష ఒక్కటే చేసి ఊరుకుంటే పాలిస్టరే గెలిచిందని తేల్చేసేదాన్ని. కానీ చొక్కాలు ఆరాల్సింది తీగ మీద కాదు, ఒంటి మీద.

అందుకని ఊరి పక్క కొండ. వెలుగు రాకముందే బయలుదేరి, సంచీలో బియ్యం మూటలు వేసుకుని, రోజుకొక చొక్కాతో ఎక్కి దిగడం. సంచీ లేకుండా పరీక్షిస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే చెమట నిలిచేది దాని కిందనే, వీపు మీదనే. భుజం మీద కుట్టు ఎక్కడుందో కూడా అప్పుడే తెలుస్తుంది. జెర్సీకి భుజం మీద అడ్డంగా దొడ్డు కుట్టుంది, పట్టీ కింద అది ఒరుసుకుని ఎర్రగా కమిలింది. జిప్పు చొక్కాకూ మెరినోకూ కుట్లు చదునుగా ఉండి, భుజం నుంచి ముందుకూ వెనక్కూ జరిగి ఉన్నాయి. కొనేటప్పుడు చొక్కాను తిరగేసి కుట్లు వేలితో తడిమి చూడండి, రంగు తరవాత చూసుకోవచ్చు. కొలత ఒంటికి సరిగ్గా అంటేలా ఉండాలి. పాలిస్టరు చెమటను పీల్చదు, పోగుల సందుల్లోంచి పైకి లాగి పరుస్తుంది, చర్మానికి తగలకుండా వేలాడితే ఆ పని చేయలేదు. వదులుగా ఉంటేనే మర్యాద అనుకునే మనకు ఇది కొంచెం ఇబ్బందే. ముదురు రంగూ, పిరుదుల కిందికి దిగే అంచూ ఎంచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. లేత రంగు పల్చని చొక్కా తడిస్తే లోపలిదంతా కనిపిస్తుంది, ఆడవాళ్లు కొనేముందు చేయి లోపల పెట్టి వెలుతురుకు పట్టి చూడాలి. చొక్కా లోపల వేసుకునేవి నూలువైతే పడిన శ్రమంతా వృథా. రాయగడలో దొరక్క అవి కూడా వేరే తెప్పించాను.

మా ఊరి కొండ మీద దేవ్‌మాలి గాలి ఎక్కడ దొరుకుతుంది? ఇంటికి రాగానే, చెమట ఆరకముందే, టేబుల్ ఫ్యాను పెద్దగా పెట్టి దాని ఎదురుగా కూర్చునేదాన్ని. నవ్వుకోండి, నిజం చెప్పింది ఆ ఫ్యానే. జిప్పు చొక్కాలో మొదట ఝుమ్మని చలి, కాసేపటికే పొడి. మెరినోలో చెమ్మ ఎక్కువసేపు ఉంది, ఆ ఝుమ్మనడం మాత్రం లేదు. తీగ మీద ఆలస్యంగా ఆరిందని వంక పెట్టానే, ఒంటి మీద ఆ ఆలస్యమే మేలు చేస్తోంది. చల్లదనాన్ని ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా పంచుతోంది.

మా ఆయన ఫ్యాను ముందు కూర్చోనన్నారు. బనియను లేకుండా చొక్కా వేసుకోవడమంటే గొళ్లెం పెట్టకుండా కొట్టు మూయడం లాంటిదని నమ్మే మనిషి.

రాయగడ నుంచి రైల్లో కోరాపుట్, అక్కడి నుంచి సునాబేడ మీదుగా సిమిలిగుడ. ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు, హాయిగా సాగింది. మధ్యాహ్నం ఎక్కడం మొదలుపెట్టాం. నేను జిప్పు చొక్కా వేసుకుని మెరినోను సంచీలో పొడిగా దాచాను. ఎక్కుతున్నప్పుడు మెడ జిప్పు దించడం, గాలి తగిలే వంపులో పైకి లాగడం, ఇంత చిన్న వెసులుబాటు ఎంత పని చేస్తుందో నడిచినవాళ్లకే తెలుస్తుంది. గుండ్రని మెడ చొక్కాలో ఆ అవకాశం లేదు.

గడ్డి మొదలైన చోట గాలి తగిలింది. అక్కడ ఆగి అందరం పైన గాలి ఆపే పల్చని జాకెట్లు వేసుకున్నాం. ఎంత మంచి లోచొక్కా అయినా ఈ జాకెట్ లేకపోతే దాని విలువ సగమే. పావుగంటలో నా వీపు ఆరింది. మా ఆయన మాత్రం చేతులు కట్టుకుని నోరు మెదపకుండా నిలబడ్డారు. చొక్కా తడిమితే పొడిగానే ఉంది, లోపల బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది. నేను కొన్న చొక్కా తన పని తాను చేసింది, దాని కిందనున్న నూలే చెమటను వదలలేదు.

"లోపల ఇంకేమీ వేసుకోవద్దని చెప్పాను కదండీ."

"నువ్వు చొక్కా గురించి చెప్పావు, బనియను గురించి చెప్పలేదు."

రాయి చాటుకు వెళ్లి తీసేసి వచ్చారు. ఆ తరవాత వణుకు గురించి ఎవరూ మాట్లాడలేదు.

రాత్రి గుడారంలో మెరినోలోకి మారాను. పడుకోవడానికంటూ ఒక పొడి చొక్కా వేరే ఉండాలన్నది నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట. తడి చొక్కాతో నిద్ర సంచిలో దూరితే సంచీ కూడా చెమ్మెక్కుతుంది. వాసన సంగతి చెప్పనవసరం లేదు. ఒంటి జిడ్డు పాలిస్టరును గట్టిగా పట్టుకుంటుంది, ఒక్క రోజుకే దగ్గరికి రానివ్వదు. ఉన్నికి ఆ బాధ చాలా తక్కువ. పిల్లలు నెగడు వేసినప్పుడు నిప్పురవ్వలు ఎగిరాయి. ఒకబ్బాయి జెర్సీకి బఠాణీ గింజంత కన్నం పడింది. పాలిస్టరు 250 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, కరిగినది చర్మానికి అతుక్కుంటుంది. నెగడు దగ్గర కూర్చునేవాళ్లు పైన నూలు శాలువో ఉన్ని శాలువో కప్పుకోవాలి.

ఉతుకులో ఒక్క జాగ్రత్త. గుడ్డ మెత్తబడడానికి వేసే సువాసన ద్రవాలు దేనికీ వాడకూడదు, పోగుల మీద జిడ్డు పొర పట్టి చెమటను లాగే గుణం పోతుంది. మెరినోను చల్లని నీళ్లలో ముంచి, మెలిపెట్టకుండా నొక్కి, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరేయాలి. తడి బరువుకు తీగ మీద సాగిపోతుంది.

పర్లాకిమిడి బంధువులు శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుతూ నన్ను సలహా అడిగారు. అది 1,501 మీటర్లు, సముద్రం దగ్గర, గాలిలోనే తేమ. ఆ ఉక్కలో ఎక్కడానికి పల్చని పాలిస్టరే నయం, మెరినో ఖర్చు అక్కర్లేదన్నాను. పైన రాత్రి జాగారం చేసేవాళ్లు ఒక పొడి చొక్కా వెంట ఉంచుకుంటే చాలు.

ఇప్పుడు మా కొట్లో జిప్పు చొక్కాలు ముదురు రంగుల్లో నాలుగు కొలతల్లో పెట్టాం. మెరినో పెట్టలేదు. మా వానాకాలపు చెమ్మలో, అరలో నెలల తరబడి ఉంటే పురుగు కొట్టకుండా కాపాడడం కష్టం. ఆ ధర సరుకు పాడైతే మా ఆయన మళ్లీ గల్లాపెట్టె మూత వేస్తారు. కావాలన్నవాళ్లకు కొలత రాసుకుని, బయానా తీసుకుని తెప్పించి ఇస్తున్నాను.