కాంటా చిట్టీలూ, రాత్రి మూడింటి స్నాప్‌షాటూ

నల్లగొండలో ఇంటి నుంచే నేను చూసుకునే సర్వర్లలో మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లుది ఒకటి. వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కిన ప్రతిసారీ పుట్టే చిట్టీ, తేమ శాతం, రైతుకు చెల్లించవలసిన మొత్తం అన్నీ అమెజాన్ వారి క్లౌడ్‌లో, ముంబై రీజియన్‌లోని (ఒక ప్రాంతపు డేటా సెంటర్ల సముదాయం) ఒక ఈబీఎస్ డిస్కులో (అద్దెకు దొరికే క్లౌడ్ డిస్కు), మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉంటాయి. ఆ డిస్కుకు ప్రతి రాత్రీ దానంతటదే స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో దాని నకలు, పడేలా చేయడం అరగంట పని. అది నిజంగా పడుతున్నదో లేదో తెలుసుకునే ఏర్పాటుకు మాత్రం ఏడాది పట్టింది, అందులో ఎక్కువ కాలం నా పొరపాట్లకే పోయింది.

2018లో అమెజాన్ వారి డేటా లైఫ్‌సైకిల్ మేనేజర్ (వేళకు స్నాప్‌షాట్లు తీసే సేవ) రాకముందు ఈ పనికి క్రాన్‌లో (సర్వరులో చెప్పిన వేళకు పని నడిపే ఏర్పాటు) ఒక స్క్రిప్టు పెట్టుకొనేవాళ్ళం. ఆ స్క్రిప్టు ఉన్న సర్వరు పడిపోతే బ్యాకప్ కూడా దానితోపాటే ఆగేది. ఇప్పుడు డిస్కుకు ఒక ట్యాగు తగిలించి, ఆ ట్యాగు ఉన్న డిస్కులకు ఏ వేళకు స్నాప్‌షాట్ తీయాలో, ఎన్ని ఉంచుకోవాలో పాలసీలో, అంటే ఆ సేవకు ఇచ్చే నియమాల్లో, రాస్తే చాలు. నేను వేళ దగ్గర 02:00 అని రాసి, తెల్లవారుజామున రెండు గంటలని నమ్మాను. పాలసీ లెక్క యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) సాగుతుంది కనుక మన గడియారంలో అది ఉదయం ఏడున్నర, అంటే మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరే వేళ. రాత్రి మూడింటికి కావాలంటే 21:30 అని రాయాలి. అప్పుడు కూడా పని గంటలోపు ఎప్పుడైనా మొదలు కావచ్చు.

నడుస్తున్న డేటాబేసును ఆపకుండా తీసిన స్నాప్‌షాట్, హఠాత్తుగా కరెంటు పోయినప్పటి డిస్కులాగే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్ళను దాచే పద్ధతులు రెండున్నాయనుకుంటే, ఇన్నోడీబీ టేబుళ్ళు తమ లాగును (మార్పుల చిట్టాను) చదువుకొని తిరిగి లేస్తాయి, పాత పద్ధతి మైఐసామ్ టేబుళ్ళకు ఆ భరోసా లేదు. మిల్లు సాఫ్ట్‌వేరులో అలాంటి పాత టేబుళ్ళు రెండు కనిపిస్తే ముందు వాటిని మార్చాను. ఇక ఖర్చు సంగతి: మొదటి స్నాప్‌షాట్ తరువాత మారిన బ్లాకులు (డిస్కులోని చిన్న ముక్కలు) మాత్రమే చేరతాయి కనుక పద్నాలుగు ఉంచుకుంటే బిల్లు పద్నాలుగింతలు కాదు. మిల్లు యజమాని ఈ మాట నమ్మలేదు. నెల బిల్లు చూశాక నమ్మారు.

నిరుడు యాసంగి వడ్లు రాకముందు, అప్పటిదాకా రూట్ డిస్కులోనే (సర్వరు ఆపరేటింగ్ సిస్టం ఉండే డిస్కు) ఉన్న డేటాబేసును విడిగా ఒక కొత్త డిస్కులోకి మార్చి, దానికి ట్యాగు తగిలించడం మరిచాను. పాలసీ మాత్రం ప్రతి రాత్రీ పాత డిస్కుకు శ్రద్ధగా స్నాప్‌షాట్ తీస్తూ, ఎక్కడా ఎర్ర గుర్తు చూపకుండా, పంతొమ్మిది రోజులు నడిచింది. దాని తప్పేమీ లేదు, చెప్పిన పనే చేసింది. అదృష్టం కొద్దీ ఆ రోజుల్లో డిస్కుకు ఏమీ కాలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపినప్పుడు, రోజూ పడుతున్నాయనుకున్న బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల విఫలమవుతున్నాయనీ, ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్ళు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదనీ తరువాత ఆ సంస్థే బహిరంగంగా రాసుకున్నది. అది చదివినప్పుడు ఇంత పెద్దవాళ్ళకా అనుకున్న నేనే అదే గోతిలో పడ్డాను.

అప్పటి నుంచి నా స్క్రిప్టు పాలసీని అడగదు. ఖాతాలో వాడుకలో ఉన్న డిస్కులన్నింటి జాబితా తెచ్చుకొని, ఒక్కొక్క దానికి ఇరవై నాలుగు గంటలలోపు పూర్తయిన స్నాప్‌షాట్ ఉన్నదో లేదో చూస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ఉదయం ఆరింటికి ఫోనుకు ఒక సందేశం పంపుతుంది. సందేశం రాని ఉదయం నేను టీ తాగకముందే లాప్‌టాప్ తెరుస్తాను. ట్యాగులతో పని లేకుండా, ఇటీవలి బ్యాకప్ లేని డిస్కులను తానే పట్టుకునే డిఫాల్ట్ పాలసీ కూడా 2023లో వచ్చింది, దాన్నీ తోడుగా పెట్టాను.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు సర్వరూ బ్యాకప్పూ ఒకేచోట ఉంచుకున్నవారు రెండింటినీ పోగొట్టుకున్నారు. అందుకే మా స్నాప్‌షాట్ల కాపీ 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్ రీజియన్‌కు వెళ్తుంది. ఆ రీజియన్‌ను ఖాతాలో మనమే ఎనేబుల్ చేసుకోవాలి.

నెలకొకసారి స్నాప్‌షాట్ నుంచి కొత్త డిస్కు తయారు చేసి, ఒక చిన్న సర్వర్‌కు తగిలించి, చివరి చిట్టీ నంబరును మిల్లు గుమాస్తా రిజిస్టరుతో సరిచూస్తాను. బ్లాకులు అడిగినప్పుడే ఎస్3 (స్నాప్‌షాట్లు ఉండే అమెజాన్ నిల్వ సేవ) నుంచి దిగుతాయి కనుక మొదటిసారి డేటాబేసు లేవడానికి చాలా సేపు పట్టి నాకు చెమటలు పట్టాయి. పోయిన కోతల కాలంలో రిజిస్టరులో నాలుగు చిట్టీలు ఎక్కువ వచ్చాయి, ఎందుకంటే స్నాప్‌షాట్ పడ్డాక కూడా రాత్రంతా కాంటా నడిచింది. “మరి ఆ నాలుగూ పోయినట్టేనా?” అని యజమాని అడిగారు. కోతల కాలానికి పాలసీని ఆరు గంటలకొకసారిగా మార్చాను. ఉంచుకునే సంఖ్య పద్నాలుగుగానే మిగిలిందని, అంటే రెండు వారాల భద్రత మూడున్నర రోజులకు కుదించుకుపోయిందని వారం తరువాత గమనించి, దాన్ని యాభై ఆరు చేశాను.