బిష్కెక్ చూసొచ్చాం: నా అనుభవం

నిన్న రాత్రే ఖమ్మం చేరాం. సూట్‌కేసు ఇంకా విప్పలేదు. మన వైపు నుంచి కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివే పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళ అమ్మానాన్నలు ఎప్పుడో ఒకప్పుడు వెళ్తారు కదా అని కూర్చుని రాస్తున్నాను.

మా అమ్మాయి అక్కడ నాలుగో సంవత్సరం. 2024 మే నెలలో ఆ ఊళ్ళో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద అల్లరి మూకలు పడ్డ రాత్రి, ఫోను పట్టుకుని తెల్లవార్లూ మేలుకున్నాం. ఆ ఊరు నా కళ్ళతో చూస్తే తప్ప నాకు మనశ్శాంతి లేదని ఆ రోజే అనుకున్నాను.

ఈ-వీసా, టికెట్లు ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. డబ్బు లెక్క కూడా సులువే, మన రూపాయికి ఇంచుమించు ఒక సోమ్, అదే అక్కడి కరెన్సీ.

మొదటి రోజు ఆలా-తూ మైదానానికి వెళ్ళాం. మా ఆయన ముప్పై నాలుగేళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యారు. గుర్రం మీద కిర్గిజ్ వాళ్ళ పురాణగాథలోని మనాస్ వీరుడి విగ్రహం చూసి ఆగలేదు, మ్యూజియం వెనక్కి నడిపించి లెనిన్‌ను చూపించారు. 2003 వరకు లెనిన్ ముందు వైపే ఉండేవాడట. సోవియట్ కాలంలో ఈ ఊరికి ఫ్రూంజే అనే సోవియట్ సేనాపతి పేరు పెట్టారని, ఆయన పుట్టింది ఇక్కడేనని అమ్మాయికి చెప్తూ నడిచారు. మూడేళ్ళుగా ఇక్కడ ఉంటున్న పిల్లకి ఆ సంగతులు తెలియవు. ఆ పూట ఆయన ముఖం చూడాల్సింది.

రెండో రోజు బజారు. అసలు సంగతి అక్కడ జరిగింది.

ఒరిజినల్ పాస్‌పోర్టులు గదిలోనే దాచి జిరాక్సులు పెట్టుకుని తిరగండి, చాలు అని మాకు చెప్పింది అమ్మాయిని అక్కడ చేర్పించిన కన్సల్టెన్సీ ఆయన. గేటు దాటి పది అడుగులు వేశామో లేదో, మామూలు బట్టల్లో ఇద్దరు మనుషులు అడ్డం వచ్చారు. ఒకడు ఏదో కార్డు చూపించీ చూపించనట్టు చూపించి జేబులో పెట్టేసుకున్నాడు. పాస్‌పోర్ట్ అన్నాడు. జిరాక్సు ఇస్తే తల అడ్డంగా ఊపి, కొట్ల వెనకున్న ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళారు. వాళ్ళు పోలీసులో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

నా హ్యాండ్‌బ్యాగు బల్ల మీద బోర్లించారు. మాత్రలు, దువ్వెన, డాలర్లున్న కవరు, భద్రాచలం కుంకుమ పొట్లం, దాని పక్కనే పసుపు పొట్లం. ఆ పొట్లాలు చూడగానే వాళ్ళ గొంతు మారింది. ఒకడు పసుపు వేలితో తీసి వాసన చూశాడు. నార్కోటిక్ అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. రెండోవాడు కుంకుమ పొట్లం చింపి కాగితం మీద దులిపాడు. సగం నేల మీద పడింది. దాని మీదే వాడి బూటు.

అది కూడా ఓర్చుకున్నాను. తర్వాత మా ఆయన్ని గోడ వైపు తిప్పి జేబులు తడిమారు, బెల్టు తీయించారు, బూట్లు విప్పించారు. అరవై మూడేళ్ళ మనిషి. ఎదురుపడితే ఊళ్ళో ఇప్పటికీ సైకిల్ దిగి నమస్కారం పెట్టే మనిషి. కూతురి ముందు మేజోళ్ళతో నిలబడ్డారు, ప్యాంటు జారకుండా ఒక చేత్తో పట్టుకుని. నేను అటు చూడలేకపోయాను.

అప్పుడు మాట్లాడింది మా అమ్మాయి. ఇంట్లో గట్టిగా అడిగితే జవాబు చెప్పని పిల్ల, రష్యన్‌లో గడగడా అందుకుంది. ఇది మేము దేవుడి దగ్గర పెట్టుకునేది, నుదుటి మీద చూడండి అని నా బొట్టు చూపించింది. మీ పేర్లు చెప్పండి, తప్పుంటే ప్రొటకోల్, అంటే కాగితం మీద రిపోర్టు, రాయండి, స్టేషన్‌కే వెళ్దాం పదండి అంటూ ఫోను తీసి 102 నొక్కింది. అది అక్కడ పోలీసు నంబరు. అది చెవిన పడగానే ఇద్దరూ సర్దుకున్నారు. బ్యాగు నా వైపు తోసి, వెళ్ళండి అన్నట్టు చేయి ఊపారు. నా కూతురని గొప్పలు చెప్పుకోవడం కాదు, ఆ గదిలో అంత నిబ్బరంగా నిలబడింది తనొక్కతే.

నేల మీది కుంకుమ దొరికినంత రుమాలులోకి ఎత్తుకుని బయటికొచ్చాను. గదికెళ్ళాక లెక్క చూస్తే కవరులో వంద డాలర్ల నోటు ఒకటి లేదు.

వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఒరిజినల్ పాస్‌పోర్టు ఒంటి మీదే ఉండాలి, చొక్కా లోపలి సంచిలో. దారిలో ఎవరు అడిగినా పర్సు చేతికివ్వొద్దు, గదుల్లోకి వెళ్ళొద్దు, స్టేషన్‌లోనే చూపిస్తామనండి. కన్సల్టెన్సీ ఆయనకి ఫోన్ చేస్తే, అక్కడ అలాంటివి మామూలే మేడమ్ అన్నాడు. మామూలే అని తెలిసినవాడు ముందు చెప్పాలా వద్దా? లక్షలు తీసుకునేటప్పుడు నోరు బాగానే పెగిలింది. పిల్లల్ని పంపే ముందు ఇలాంటి వాళ్ళ మాట నమ్మకండి, అక్కడ చదువుతున్న సీనియర్లను అడగండి.

మర్నాడు మా ఆయన నేనెక్కడికీ రానన్నారు. బతిమాలి ఆలా-అర్చా నేషనల్ పార్కుకి బయల్దేరదీశాం. ఊరికి దక్షిణాన నలభై కిలోమీటర్లు, టాక్సీ మాట్లాడుకోవడమే మంచిది. మంచు కొండల మధ్య ఏరు, తెల్లటి నీళ్ళు, అటూ ఇటూ అర్చా అనే జూనిపర్ చెట్లు. కిర్గిజ్ వాళ్ళు ఆ ఆకు కాల్చి ఇంట్లో పొగ వేస్తారట, చెడు పోవడానికి. మన సాంబ్రాణి లాగే. జలపాతం దాకా ఎక్కే ఓపిక మాకు లేదు. తొక్కిన కుంకుమ తిరిగి పెట్టుకోలేం, చెత్తలో వేయలేం. రుమాలు విప్పి ఆ ఏట్లో కలిపాను. మా ఆయన పక్కనే నిలబడ్డారు కానీ మాట్లాడలేదు.

చివరి రోజు బురానా. తూర్పున ఎనభై కిలోమీటర్లు, తోక్‌మోక్ ఊరి దగ్గర. 11వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన కరాఖానీ రాజులు కట్టిన మీనారు అది. లోపలి మెట్లు చీకటి, ఇరుకు, ఒక్కో మెట్టు మోకాలెత్తు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే ఉండండి, నేనూ ఉండిపోయాను. పక్కన గడ్డిలో బల్‌బల్స్ అనే రాతి బొమ్మలున్నాయి, చేతిలో గిన్నె పట్టుకున్న మనుషులు. వాటి మధ్య తిరుగుతుంటే పై నుంచి మా ఆయన గొంతు వినిపించింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి, క్లాసులో గొంతు.

"ఇది ఒకప్పుడు నలభై అయిదు మీటర్లుండేదమ్మా. 15వ శతాబ్దంలో భూకంపం వచ్చి పైభాగం కూలిపోయింది. ఇప్పుడు ఇరవై అయిదే మిగిలింది. అదిగో, అటు ఒకప్పటి బలాసగూన్ పట్నం..."

అమ్మాయి ఇంకా చెప్పు నాన్నా అంటోంది. వాళ్ళిద్దరూ దిగొచ్చేసరికి గంట పట్టింది.