బల్లార్షా ఎండల్లో కంప్యూటర్ కేబినెట్‌కు గాలి

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఏప్రిల్ సగం గడిచిన దగ్గర నుంచి తొలకరి పడేదాకా పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం మాకు వార్త కాదు. మా బల్లార్షాలో స్లాబు ఇంటి పై గదిలో, పంఖా కింద, మధ్యాహ్నం మూడింటికి డెస్క్‌టాప్ ముందు కూర్చునేవాడికి, కంప్యూటర్‌ను చల్లగా ఉంచుకోవడం గురించి వినిపించే సలహాల్లో సగం పనికిరావు. ఆ సలహాలు ఇచ్చేవారి గది 22 డిగ్రీల దగ్గరో 25 డిగ్రీల దగ్గరో ఉంటుంది, అది వారికి అంత సహజం కాబట్టి ప్రత్యేకించి చెప్పరు. మన గది దానికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు, ఏ పనికి డబ్బు పెట్టాలి, ఏ పనికి పెట్టకూడదు అనే లెక్క మొత్తం మారిపోతుంది.

కేబినెట్ ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు. లోపల వేడెక్కిన గాలిని బయటికి తోసి, దాని స్థానంలో గదిలోని గాలిని తెచ్చి పెట్టడం ఒక్కటే అది చేయగలిగిన పని. కాబట్టి ఎన్ని ఫ్యాన్లు బిగించినా లోపలి భాగాలేవీ గది గాలికంటే చల్లబడవు. గదిలో ఒక డిగ్రీ పెరిగితే, ఫ్యాన్ల వేగం మారనంతవరకు, ప్రాసెసర్ మీదా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు, ఏఎమ్‌డీ రైజెన్ 7000 శ్రేణికి 95 డిగ్రీలు. ఆ హద్దు తగలగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలిచే ప్రాసెసర్ మా గదిలో మే నెలలో 95 తాకుతుందంటే దానిలో లోపమేమీ లేదు, లెక్క ప్రకారమే నడుస్తున్నదని అర్థం.

ఈ లెక్కను ఒకసారి అంకెల్లో చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఫ్యాన్లు అమ్మేవారు ఈ అంకెలు చెప్పరు. ఆర్‌టీఎక్స్ 3060 వంటి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పూర్తి పనిలో 170 వాట్ల దాకా తీసుకుంటుంది; ప్రాసెసర్, మదర్‌బోర్డు, డిస్కులు, పవర్ సప్లైలో పోయే నష్టం అన్నీ కలిపి పెట్టె లోపల సుమారు 300 వాట్ల వేడి పుడుతున్నదని అనుకుందాం. కేబినెట్ గుండా నిమిషానికి 50 ఘనపుటడుగుల (సీఎఫ్‌ఎం) గాలి నిజంగా ప్రవహిస్తుంటే, ఆ గాలి లోపలికి వచ్చినప్పటికంటే బయటికి పోయేటప్పుడు దాదాపు 11 డిగ్రీలు వేడెక్కి ఉంటుంది. ప్రవాహం 25కు పడిపోతే ఆ తేడా 22 డిగ్రీలవుతుంది, 100కు పెంచితే అయిదున్నర డిగ్రీలకు తగ్గుతుంది. అంటే గాలి ఆడని పెట్టెను బాగుచేస్తే మనకు 11 డిగ్రీల లాభం ఉంది, కానీ బాగానే ఆడుతున్న పెట్టెలో ఫ్యాన్లు రెట్టింపు చేస్తే దక్కేది అందులో సగమే. అక్కడి నుంచి మళ్ళీ రెట్టింపు చేస్తే మూడు డిగ్రీలు కూడా రావు, చప్పుడు మాత్రం ఇల్లంతా వినిపిస్తుంది. ఫ్యాన్ వేగం రెట్టింపయితే గాలి రెట్టింపవుతుంది, కానీ దానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుందన్న సూత్రం కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఫ్యాన్ అట్టపెట్టె మీద అచ్చు వేసే సీఎఫ్‌ఎం అంకె ఏ అడ్డూ లేని ఖాళీ ప్రదేశంలో కొలిచినది. ముందు జాలీ, వెనుక తీగలు, మధ్యలో దుమ్ము చేరిన ఫిల్టరు ఉన్న పెట్టెలో అందులో చాలా భాగం పోతుంది.

ఇప్పుడు గది సంగతి. మా వైపు వేసవి ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి, నీళ్ళ కూలర్ అద్భుతంగా పని చేస్తుంది. బయట 44 డిగ్రీలుండగా, కిటికీకి బిగించిన కూలర్ నడుస్తున్న గదిలో 33, 34 దగ్గర నిలవడం సాధారణమే. పై లెక్కలో ఫ్యాన్లు రెట్టింపు చేస్తే వచ్చింది అయిదున్నర డిగ్రీలు. ఇంట్లో అందరికీ చల్లదనమిచ్చే కూలర్ ఒక్క ఫ్యాను కూడా కొనకుండానే పది డిగ్రీలు ఇస్తున్నది. అందుకే ఎవరైనా అడిగితే కేబినెట్‌ను ముందు గదిలో ఎక్కడ పెట్టారో చూడమంటాను. పశ్చిమపు గోడను ఆనించి పెట్టిన పెట్టె సాయంత్రం ఏడింటిదాకా ఆ గోడ వదిలే వేడిని పీల్చుకుంటూనే ఉంటుంది. కూలర్ గాలి సూటిగా తగిలే చోటు కూడా తగదు, ఎందుకంటే మ్యాట్లు బాగా తడిసినప్పుడు కూలర్ సన్నని తుంపర్లు విసురుతుంది, మా బోరు నీళ్ళలోని ఉప్పు ఆ తుంపర్లతో వచ్చి లోహం మీద తెల్లని మరకగా మిగులుతుంది. తేమ వల్ల లోపల నీరు పడుతుందని కొందరు భయపడతారు కానీ, నడుస్తున్న కంప్యూటర్ భాగాలు గదికంటే వెచ్చగానే ఉంటాయి కాబట్టి వాటి మీద నీటి చుక్కలు చేరవు. అసలు చిక్కు తేమకు దుమ్ము తోడైనప్పుడు వస్తుంది.

మా మేనల్లుడి కంప్యూటర్ ముందు వైపు నిలువెత్తు గాజు పలక ఉన్న కేబినెట్‌లో ఉండేది. గాజు వెనుక మూడు రంగుల ఫ్యాన్లు అందంగా తిరుగుతుంటాయి, వాటికి గాలి వచ్చే దారి మాత్రం పలకకు రెండు పక్కలా ఉన్న వేలెడు సందు మాత్రమే. ఆటలో అయిదు నిమిషాలు గడవగానే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు అరవడం మొదలుపెట్టేవి.

“మామా, మీద ఇంకో రెండు ఫ్యాన్లు పెడితే సల్లగయితది గద?” అన్నాడు.

“గాలి లోపలికి వచ్చే తొవ్వనే లేకుంటే ఎన్ని పెట్టినా గంతే రా. ఓ అగరబత్తి ముట్టిచ్చి తే,” అన్నాను.

అగరుబత్తి పొగతో చేసే పరీక్షకు మించినది ఇంట్లో ఉండదు. గది పంఖా ఆపి, అగరుబత్తిని ముందు పలక సందు దగ్గర పట్టుకున్నప్పుడు పొగ చకచకా లోపలికి లాగబడాలి. ఆ పెట్టెలో పొగ కాస్త వంగి, మళ్ళీ నిటారుగా పైకి పోయింది. వెనుక, విస్తరణ కార్డుల స్లాట్ల పక్కనున్న చిన్న చిల్లుల దగ్గర పట్టుకుంటే అక్కడ మాత్రం పొగ లోపలికి దూరుతున్నది. అంటే ముందు నుంచి అందని గాలిని ఆ పెట్టె వెనుక నుంచి, ఫిల్టరు లేని చిల్లుల గుండా, తాను వదిలిన వేడి గాలితో సహా తిరిగి పీల్చుకుంటున్నది. గాజు పలకను ఊడదీసి పక్కన పెట్టి, అదే ఆట అంతే సేపు ఆడిస్తే కార్డు ఉష్ణోగ్రత దాదాపు పది డిగ్రీలు తగ్గింది. పలక తీస్తే, లేదా పక్క మూత తెరిస్తే అయిదు డిగ్రీలకు మించి తగ్గుతున్న ఏ కేబినెట్‌కైనా ఊపిరి ఆడడం లేదనే చెప్పాలి. అలాగని మూత తెరిచి ఉంచడం పరిష్కారం కాదు, ముఖ్యంగా బొగ్గు గనులూ సిమెంటు లారీలూ ఉన్న మా జిల్లాలో. ఆ పిల్లవాడు తరువాత సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ముందు భాగమంతా ఇనుప జాలీ ఉన్న మామూలు కేబినెట్ కొనుక్కున్నాడు. పాత ఫ్యాన్లే అందులో బిగించాము.

ఫ్యాన్ల అమరికకు వస్తే, ముందు కింద రెండు లోపలికి, వెనుక పైన ఒకటి బయటికి అన్నది నూటికి తొంభై ఇళ్ళకు సరిపోతుంది. ముందు కింది ఫ్యాను గ్రాఫిక్స్ కార్డుకు తాజా గాలి అందిస్తుంది, పైది ప్రాసెసర్ వేడిని లాగి గాలికి వదిలే లోహపు రెక్కల హీట్‌సింక్‌కు అందిస్తుంది, ప్రాసెసర్ దాటిన వేడి గాలిని వెనుక ఫ్యాను దగ్గరలోనే పట్టి బయటికి పంపుతుంది. పై కప్పులో, అందునా ముందు వైపు, గాలి బయటికి పంపే ఫ్యాను పెట్టేవారిని చూస్తుంటాను. ముందు నుంచి వచ్చిన చల్లని గాలి ప్రాసెసర్‌ను చేరకముందే అది పైకి లాగేస్తుంది. వేడి గాలి తనంతట పైకి పోతుంది కదా, కాబట్టి పైన ఫ్యాను ఉండి తీరాలి అనే వాదన ఫ్యాన్లు లేని పెట్టెకు వర్తిస్తుంది. ఫ్యాన్లు తిరుగుతున్నప్పుడు గాలి అవి తోసిన దారిలోనే పోతుంది. ఫ్యాను ఏ వైపు నుంచి పీలుస్తుందో తెలియకపోతే, రెక్కలు అడ్డు లేకుండా కనిపించేది పీల్చే వైపని, మోటారును పట్టి ఉంచే నాలుగు పుల్లలున్నది వదిలే వైపని గుర్తుపెట్టుకోవచ్చు. అందం కోసం ఈమధ్య తిరగేసిన రెక్కల ఫ్యాన్లు కూడా వస్తున్నాయి, వాటి దగ్గర ఈ గుర్తు తప్పుతుంది, అప్పుడు మళ్ళీ అగరుబత్తే దిక్కు.

ఈ దిశల గొడవ పాతదే. ఇంటెల్ 1995లో మదర్‌బోర్డు, కేబినెట్ల కొలతలూ అమరికా నిర్ణయించే ఏటీఎక్స్ నమూనాను తెచ్చినప్పుడు పవర్ సప్లై ఫ్యాను గాలిని లోపలికి, ప్రాసెసర్ మీదికి ఊదాలని అనుకున్నారు. పవర్ సప్లైలో వేడెక్కిన గాలితో ప్రాసెసర్‌ను చల్లబరచడం కుదిరే పని కాదు కాబట్టి తరువాత దానిని బయటికి వదిలేలా తిప్పారు. 2004లో గాలి దారి కోసమే బీటీఎక్స్ అనే కొత్త అమరికను తెచ్చారు గానీ అది నిలవలేదు. ఇప్పటి కేబినెట్లలో పవర్ సప్లై కిందికి దిగి, నేల వైపు నుంచి తన గాలి తానే తీసుకుంటుంది. అందుకని పెట్టెను దుప్పటి మీదో, తివాచీ మీదో పెట్టకూడదు. తలుపున్న చెక్క అరలో పెట్టడం అంతకంటే చెడ్డది. ఆ అరలో గాలి కాసేపటికే వేడెక్కి, అదే గాలి లోపలికీ బయటికీ తిరుగుతుంటుంది. గదికి కూలర్ పెట్టి ఎదురు కిటికీ మూసేస్తే ఏమవుతుందో మా వైపు చిన్నపిల్లలకూ తెలుసు.

బయటికి పంపే గాలికంటే లోపలికి తెచ్చే గాలి కొంచెం ఎక్కువగా ఉండాలని నేను పట్టుబట్టేది ప్రధానంగా దుమ్ము కోసం. లోపలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటే ప్రతి సందులోంచీ గాలి బయటికే పోతుంది, వచ్చేదంతా ఫిల్టరు గుండానే వస్తుంది. ఫిల్టరు ఒత్తుగా ఉంటే దుమ్ము బాగా ఆగుతుంది, గాలి కూడా ఆగుతుంది. ఈ రెండింటి మధ్య బేరం ప్రతి ఊరికీ వేరు. మా ఊళ్ళో దుమ్ము సన్నగా, నల్లగా ఉంటుంది, కిటికీ గడప మీద వేలితో గీస్తే గీత పడుతుంది. కూలర్ నడిచే రెండు నెలలూ ఆ పొడి ఫిల్టరు నైలాన్ జాలీ మీద తడి పట్టి, బూడిద రంగు ముద్దలా అట్టకట్టి, కన్నాలను పూర్తిగా పూడ్చేస్తుంది. బ్రష్షుతో దులిపితే అది రాదు. కుళాయి కింద వెనుక వైపు నుంచి నీళ్ళు పోసి, నీడలో పూర్తిగా ఆరబెట్టి బిగించాలి. ఎండాకాలంలో పదిహేను రోజులకొకసారి కడిగితే చాలు, చలికాలంలో అంత అవసరం ఉండదు.

హీట్‌సింక్ రెక్కల మధ్య చేరిన దుమ్మును బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే అది తన సహజ వేగానికి మించి తిరిగి బేరింగు పాడవుతుంది, పైగా తిరిగే మోటారు జనరేటరులా పని చేసి మదర్‌బోర్డులోకి కరెంటు పంపే ప్రమాదం ఉంది. హీట్‌సింక్‌కు వేడి అందేలా ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ కొన్నేళ్ళకు ఎండిపోతుంది, అప్పుడు పాతది తుడిచి శనగగింజంత కొత్తది పెడితే సరిపోతుంది. తీగలను వెనక్కి సర్దడం చూడటానికి బాగుంటుంది, గాలికి పెద్ద తేడా రాదు.

లిక్విడ్ కూలింగ్ పెడితే ఎండ సమస్య తీరుతుందా అని మా దగ్గర చాలామంది అడుగుతారు. ఆ ద్రవం మోసుకెళ్ళిన వేడిని చివరికి రేడియేటరు మీదుగా వదిలేది అదే గది గాలిలోకి. 45 డిగ్రీల గదిలో ద్రవం 45కు కిందికి రాదు. ఎక్కువ వాట్లు లాగే ప్రాసెసర్లకు దాని ప్రయోజనం దానికుంది కానీ, 65 వాట్ల తరగతి ప్రాసెసర్ ఉన్నవారు ఆ డబ్బుతో 120 మి.మీ. ఫ్యాను ఉన్న మంచి టవర్ హీట్‌సింక్ తీసుకుని, మిగిలినది దాచుకోవచ్చు.

వీటన్నిటి తరువాత కూడా మే నెల మధ్యాహ్నాలు మిగిలే ఉంటాయి, ముఖ్యంగా కరెంటు పోయి కూలర్ ఆగి, కంప్యూటర్ ఒక్కటే ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు. వేడిని బయటికి పంపడం కుదరనప్పుడు పుట్టించడమే తగ్గించాలి. చిప్ వేగం పెరగాలంటే వోల్టేజీ పెరగాలి, అది తీసుకునే శక్తి ఆ వోల్టేజీ వర్గంతో (స్క్వేర్‌తో) పాటు పెరుగుతుంది కాబట్టి, చివరి కొద్దిపాటి వేగం కోసమే అది చాలా వేడి పుట్టిస్తుంది; గ్రాఫిక్స్ కార్డు తీసుకునే శక్తికి ఉన్న హద్దును, అంటే పవర్ లిమిట్‌ను, ఎమ్‌ఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాములో 80 శాతానికి దించితే వేడి అయిదో వంతు తగ్గుతుంది, ఆటలో తేడా కంటికి కనిపించదు. దానితో పాటు ఆటలో సెకనుకు చూపే ఫ్రేములను 60 దగ్గర ఆపితే ఇంకా తగ్గుతుంది. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఫ్యాన్ల వేగం మార్చేటప్పుడు, ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చూపుతూ తయారీదారు ఇచ్చిన వక్రాన్ని మా వేసవికి తగినట్టు పది డిగ్రీలు కుడివైపుకు జరుపుతాను, లేకపోతే కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఫ్యాన్లు పూర్తి వేగంతో అరుస్తుంటాయి. జూన్‌లో వానలు నిలదొక్కుకోగానే ఆ వక్రాన్నీ, పవర్ లిమిట్‌నూ మళ్ళీ మామూలు స్థితికి తెచ్చుకుంటాను. గాలిలో తేమ పెరిగి కూలర్ ఎలాగూ పని చేయదు కాబట్టి, దానిని అటక మీదికి ఎక్కించేది కూడా అప్పుడే.