మగ్గాల వాళ్లను ఎక్కడ రాయాలి?

ఉండేది ధర్మవరంలో, స్టాటిస్టిక్స్ చెప్పేది అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో. పొద్దున ట్రైన్, అది తప్పితే బస్సు. 2022 ఏప్రిల్ 4న మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. అంటే రాత్రికి రాత్రి నేను పక్క జిల్లాలో పనిచేసే మనిషినయ్యాను. పాస్ మాత్రం పాతదే, కిటికీ సీటు కోసం తోపులాటా పాతదే.

పనికోసం జనం ఎంతమేర తిరుగుతారో చూసి గీత గీస్తే అది జిల్లా గీతలా ఉండదు. బ్రిటన్‌లో ఇలా గీసిన వాటిని ‘ట్రావెల్ టు వర్క్ ఏరియా’లంటారు. ఎక్కడుంటావు, ఎక్కడ పనిచేస్తావు అని జనాభా లెక్కల్లోనే అడుగుతారు. ఒక ప్రాంతంలో ఉండే పనివాళ్లలో 75 శాతం అక్కడే పనిచేయాలి. అక్కడ పనిచేసేవాళ్లలో 75 శాతం అక్కడివాళ్లే అయ్యుండాలి. మొత్తం 3,500 మందికి తగ్గకూడదు. 25,000 దాటితే మూడింట రెండు వంతులున్నా చాలు. ఈ పరీక్షలో తప్పినదాన్ని ముక్కలు చేసి, ఎక్కువ రాకపోకలున్న పొరుగు ప్రాంతాల్లో కలిపేసి, మళ్లీ మొదటినుంచి లెక్కేస్తారు. 2011 లెక్కలతో 228 తేలాయి. వాటిలో 6 ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్ సరిహద్దులను పట్టించుకోకుండా అటూ ఇటూ పరుచుకున్నాయి.

మనకైతే హిందూపురం, కర్ణాటకలోని గౌరీబిదనూరు గుర్తొస్తాయి. మధ్యలో రాష్ట్రం మారుతుంది, అంతే. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో మన రాష్ట్రం చట్టం చేసింది. ఆ లెక్కన పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీకి శ్రీకాకుళం వాళ్లు లోకల్, గౌరీబిదనూరు వాళ్లు కాదు. చట్టం సంగతి చట్టానిది. కానీ ‘లోకల్’ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఇదే మెదులుతుంది.

మొన్న క్లాసులో బోర్డు మీద ఊరికే ఒక లెక్క వేశాను. ధర్మవరంలో పనిచేసేవాళ్లు 100 మంది అనుకుందాం. 60 మంది ఊళ్లోనే, 40 మంది అనంతపురంలో. 60 శాతమంటే ఏ లెక్కనా చాలదు, కాబట్టి ధర్మవరాన్ని అనంతపురంలో కలిపేశాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, “సార్, మగ్గాలోళ్లను యాడ రాసినారు?” అన్నాడు.

వాడిదీ ధర్మవరమే. నాకు సిగ్గేసింది, ఎందుకంటే మా నాన్న నేతగాడు. వంటింటి గడప దాటి నాలుగు అడుగులేస్తే మగ్గం గుంత. కాళ్లు గుంతలోకి దించి కూర్చుంటే మళ్లీ అన్నానికే లేచేది. ఆ నాలుగు అడుగులూ ఆయన రోజూ పనికి పోయే దూరం. అలాంటి వాళ్లు ఇంకో 100 మందిని కలిపి చూడండి. 200లో 160, అంటే 80 శాతం. ధర్మవరం తన కాళ్ల మీద తాను నిలబడింది! ఊరు అదే, రైలు అదే. ఎవరిని లెక్కలోకి తీసుకున్నామన్న దాన్నిబట్టి గీత జరిగిపోయింది.

మన 2011 జనాభా లెక్కల్లోనూ పనికి ఎంత దూరం, ఎలా పోతావని అడిగారు. కానీ అడిగింది ‘ఇతర పనివారి’నే. రైతులను, వ్యవసాయ కూలీలను, ఇంటి పరిశ్రమల వాళ్లను అడగలేదు. నాలాంటి వాడి జవాబు పట్టికలో 31–50 కిలోమీటర్లు, రైలు అనే గడిలో పడుతుంది. ఏ ఊరికో మాత్రం అందులో ఉండదు. అనంతపురం కావచ్చు, పుట్టపర్తి కావచ్చు. ఊరి పేరు లేకుండా రాకపోకల పట్టిక ఎలా కడతాం?

సరే, మన బోగీదైనా మనమే రాద్దామని నోట్‌బుక్ తీశాను. మొబైల్ షాపు కుర్రాడిదీ, ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆమెదీ తేలిగ్గానే రాసేశాను. బేల్దారి పనికి పోయే ఒక అక్క దగ్గర ఆగిపోయాను.

“యాడ పనిచేస్తావక్కా?”

“పిలిచినోళ్ల కాడ.”

అనంతపురంలో దిగి అడ్డాలో నిలబడుతుంది. ఒకరోజు ఊళ్లోనే పని, ఒకరోజు మేస్త్రీ ఆటో ఎక్కించుకుని ఏ పల్లెకో తీసుకుపోతాడు. నేను ‘అనంతపురం’ అని రాశాను. “ఏం రాసినావు సార్?” అంది. చెప్పాను. “పని దొరక్క ఎనక్కొచ్చిన రోజు కూడా అదేనా?” అంది.

ఆ గడిలో ‘అనంతపురం’ అలాగే ఉంచి, పైన ‘పనిచేసే ఊరు’ అన్న చోట ‘దిగే ఊరు’ అని మార్చాను.